పాల్ రోబ్సన్: తెరమీద పేరు ముందు, కత్తెర మాత్రం వేరేవాళ్ళ చేతిలో

పాతరీలు_రమణ
నిన్న రాత్రి 1933 నాటి 'ది ఎంపరర్ జోన్స్' చూశాను. పొద్దున్నుంచీ ఆ గొంతు చెవుల్లోంచి పోవడం లేదు. ఎవరితోనైనా మాట్లాడకపోతే ఉండలేనని ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నాను.

అమెరికన్ గాయకుడు, నటుడు పాల్ రోబ్సన్ పేరు చాలామంది పాటల వల్లే విని ఉంటారు. నేనూ అంతే. కానీ టాకీలు వచ్చిన తొలి రోజుల్లోనే ఒక నల్లజాతి నటుడు కథానాయకుడై, టైటిల్స్‌లో తన పేరు ముందు వేయించుకుని, తెల్లనటుడి పేరు తన తర్వాత పడేలా సినిమా చేశాడంటే అది ఎంత పెద్ద సంగతో నిన్న చూస్తే గాని తెలియలేదు. ఆ రోజుల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్ళకు బస్సులో సీటు వేరు, నీళ్ళ కుళాయి వేరు, సినిమా హాలుకు దారి కూడా వేరు.

కథ టూకీగా. బ్రూటస్ జోన్స్ అనే కుర్రాడికి రైల్లో పుల్‌మన్ పోర్టర్ ఉద్యోగం, అంటే పడక బోగీల్లో ప్రయాణికులకు పనులు చేసిపెట్టే ఉద్యోగం, వస్తుంది. ఒంటిమీద యూనిఫాం చూసుకుని మురిసిపోతాడు. తర్వాత పట్నం, ఆడవాళ్ళు, జూదం. పాచికల ఆటలో గొడవై స్నేహితుణ్ణి చంపుతాడు. కాళ్ళకు గొలుసులేసి రాళ్ళు కొట్టించే జైలుకు పోతాడు. అక్కడినుంచి తప్పించుకుని కరీబియన్ దీవి ఒకదానికి చేరి, స్మిదర్స్ అనే తెల్ల వ్యాపారితో మొదలుపెట్టి చివరికి ఆ దీవికే చక్రవర్తి అవుతాడు. తనను వెండి తూటా తప్ప ఏదీ చంపలేదని జనాన్ని నమ్మిస్తాడు. జనం తిరగబడ్డాక అడవిలోకి పారిపోతాడు. అక్కడ రాత్రంతా అతని గతమే అతని వెంటపడుతుంది.

దర్శకుడు డడ్లీ మర్ఫీ, మూలం యూజీన్ ఓనీల్ నాటకం. రోబ్సన్ పెట్టిన షరతు ఒకటి చదివి లేచి కూర్చున్నాను. మేసన్-డిక్సన్ రేఖకు దక్షిణాన, అంటే ఆ వేరు కుళాయిల నేల మీద, షూటింగ్ పెడితే తాను రానన్నాడట. అందుకే అడవీ, రాజభవనమూ అన్నీ న్యూయార్క్‌లోని అస్టోరియా స్టూడియోలో కట్టారు. కరీబియన్ సముద్రమని మనం చూసేది లాంగ్ ఐలాండ్‌లోని జోన్స్ బీచ్.

చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీకేమనిపించింది?

శబ్దం_శాస్త్రి
రమణ గారూ, మంచి పని చేశారు. ఈ సినిమా నేను చాలా ఏళ్ళ క్రితం చూశాను. నేను ముప్పై ఏళ్ళు రేడియోలో సౌండ్ పని చేసినవాణ్ణి కాబట్టి ఆ వైపు నుంచి రెండు మాటలు చెబుతాను.

రోబ్సన్ మొదటి సినిమా ఇది కాదు. 1925లో ఆస్కార్ మిషో తీసిన 'బాడీ అండ్ సోల్'లో ద్విపాత్రాభినయం చేశాడు, కానీ అది మూకీ. 1930లో స్విట్జర్లాండ్‌లో తీసిన 'బార్డర్‌లైన్' కూడా మూకీయే. ప్రపంచంలో అంత గొప్ప గొంతున్న మనిషి రెండుసార్లు తెరమీదికి వచ్చి నోరు మాత్రమే కదిపి వెళ్ళాడు. ఆ గొంతు సినిమాలో మొదట వినిపించింది ఎంపరర్ జోన్స్‌లోనే.

1930ల మొదట్లో సౌండ్ ట్రాక్ మీద బాగా కింది స్వరాలూ, బాగా పై స్వరాలూ సరిగ్గా పడేవి కావు. మధ్యలో ఉన్నదే నిలిచేది. ఆయనది బేస్-బారిటోన్, అంటే బాగా కింది స్థాయిలో పలికే మగ గొంతు. అందులో సగం బరువు ఫిల్ము మీదికి ఎక్కకుండానే పోయి ఉంటుంది. ఆ మిగిలిన సగానికే మనం ఇంతలా కదిలిపోతున్నాం.

ఇంకోటి. డప్పు గమనించారా? ఓనీల్ నాటకంలో స్పష్టంగా రాశాడు: డప్పు నిమిషానికి 72 దెబ్బలతో మొదలవ్వాలి, అంటే మామూలు మనిషి నాడి కొట్టుకునే వేగంతో. అక్కడినుంచి ఆపకుండా కొద్దికొద్దిగా పెరుగుతూ పోవాలి. ప్రేక్షకుడి గుండె తెలియకుండానే దాని వెంట పరుగెడుతుంది. పదేళ్ళ తర్వాత సినిమాకు మాట వస్తే ఏం చేయొచ్చో ఆ నాటకకర్త 1920లోనే కాగితం మీద పెట్టాడు.

నాటకాల_నాగమణి
నేనూ చూశాను. మీ ఇద్దరి ఉత్సాహం అర్థమవుతోంది, కానీ నాకు ఆ సినిమా మింగుడుపడలేదు. ఉన్నదున్నట్టు చెబుతాను, ఏమీ అనుకోకండి.

సినిమా మొదటి సగం ఒక మనిషి కథ. రెండో సగంలో ఆ మనిషి ఒంటిమీద యూనిఫాం చిరుగుతూ చిరుగుతూ, చివరికి అడవిలో నేలమీద పాకుతూ, దయ్యాలకు భయపడి ఏడ్చే స్థితికి వస్తాడు. నల్లవాడికి సింహాసనం ఇస్తే ఎలా ఉంటుందో చూడండి అని ఒక తెల్ల రచయిత చెబుతున్నట్టు లేదూ? నల్లవాళ్ళను కించపరిచే ఆ తిట్టు మాట ఎన్నిసార్లు వస్తుందో! అప్పట్లోనే నల్లజాతి పత్రికల్లో దానిమీద నిరసన వచ్చింది.

ఇక్కడ ఒక పేరు మనం మరిచిపోకూడదు. చార్ల్స్ గిల్పిన్. 1920లో నాటకం మొదటిసారి ఆడినప్పుడు జోన్స్ పాత్ర వేసింది ఆయన. ప్రపంచమంతా మెచ్చుకుంది. కానీ ప్రతి రాత్రీ ఆ తిట్టు మాట పలకడం ఆయనకు భరించరానిదైంది. స్టేజి మీద ఆ మాట తీసేసి వేరే మాట పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. ఓనీల్‌కు కోపం వచ్చింది, ఇద్దరికీ పడలేదు. తర్వాత 1924లో మళ్ళీ ఆడినప్పుడూ, 1925లో లండన్‌లో ఆడినప్పుడూ ఆ పాత్ర రోబ్సన్‌కు వెళ్ళింది. గిల్పిన్ 1930లో చనిపోయాడు, సినిమా చూడలేదు.

నేను నాటకాలు వేసినదాన్ని. ఒక డైలాగు పలకనని పట్టుబట్టి పాత్ర పోగొట్టుకోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. అందుకే రోబ్సన్ పేరు ముందు పడిందని సంబరపడేటప్పుడు నాకు ముందు గిల్పిన్ గుర్తొస్తాడు.

పాతరీలు_రమణ
నాగమణి గారూ, గిల్పిన్ సంగతి నాకు తెలియదు. చెప్పినందుకు ధన్యవాదాలు. పొద్దున నేను రాసింది మళ్ళీ చదివితే అందులో ఏదో తక్కువైందనిపిస్తోంది.

కానీ అడవి సీన్ల గురించి నాకు కొంచెం వేరే అభిప్రాయం ఉంది. ఆ రాతలో లోపం ఉంది, ఒప్పుకుంటాను. ఆ రాతను రోబ్సన్ ఎలా మోశాడో చూడండి. నేలమీద పాకుతున్నప్పుడు కూడా ఆ మనిషి పొడవు తగ్గదు. భయపడుతున్నవాణ్ణి చూసి మనం నవ్వం, మనకూ భయం వేస్తుంది. అప్పటిదాకా అమెరికన్ సినిమాలో నల్లవాడి భయం అంటే నవ్వించడానికే. కళ్ళు తిప్పడం, మోకాళ్ళు వణకడం. ఇతను ఆ పని ఒక్కసారీ చేయలేదు.

కత్తెర విషయం ఇంకొకటుంది. జైల్లో తోటి ఖైదీని కొట్టమంటే జోన్స్ ఒప్పుకోడు. తెల్ల గార్డుమీద తిరగబడి చంపి పారిపోతాడు. ఆ దెబ్బ మనకు తెరమీద కనిపించదు. సెన్సార్‌కు పోయింది. ఒక నల్లవాడు ఇంకో నల్లవాణ్ణి జూదంలో పొడిచి చంపడం ఉంచారు. తెల్ల గార్డును కొట్టడం తీసేశారు.

ఫ్రెడీ వాషింగ్టన్ అనే నటి ఉంది అందులో. ఆమెదీ నల్లజాతే, కానీ చర్మం బాగా తెలుపు. రోబ్సన్ ఆమెను దగ్గరికి తీసుకునే సీన్లు చూసి, ప్రేక్షకులు ఆమెను తెల్లామె అనుకుంటారేమోనని భయపడి, ముఖానికి నల్లరంగు పూసి ఆ సీన్లన్నీ మళ్ళీ తీశారు. ఒకసారి ఆలోచించండి. నల్లజాతి స్త్రీకి నల్లరంగు పూశారు!

చరిత్ర_చదువరి
ఒక చిన్న సవరణ, లేదా చేర్పు. రోబ్సన్‌ను 'మొదటివాడు' అనేటప్పుడు జాగ్రత్తగా అనాలి. 1929లోనే రెండు టాకీలు దాదాపు పూర్తిగా నల్లజాతి నటులతో వచ్చాయి. ఫాక్స్ వాళ్ళ 'హార్ట్స్ ఇన్ డిక్సీ', ఎంజీఎం వాళ్ళ 'హల్లెలూయా'. రెండోదానికి దర్శకుడు కింగ్ విడార్. కంపెనీ వెనకాడితే తన జీతం డబ్బులు కూడా అందులో పెట్టి తీశాడు. అందులో హీరో డేనియల్ హేన్స్, హీరోయిన్ నీనా మే మెకిన్నీ. ఆ అమ్మాయికి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా లేవు.

1931లో మిషో 'ది ఎక్సైల్' తీశాడు. నల్లజాతి దర్శకుడు తీసిన తొలి పూర్తి నిడివి టాకీ అదే. మిషో తన నవలలు ఇంటింటికీ తిరిగి అమ్ముకున్న మనిషి, సినిమాలూ అలాగే ఊరూరూ తిప్పుకున్నాడు. ఆ సినిమాలు నల్లవాళ్ళ హాళ్ళలోనే ఆడేవి.

ఎంపరర్ జోన్స్‌లో కొత్తగా జరిగింది ఏమిటంటే, తెల్లనటులు కూడా ఉన్న సినిమాలో మధ్యలో నిలబడినవాడు నల్లనటుడు. డడ్లీ డిగ్గెస్ వంటి పేరున్న తెల్లనటుడు స్మిదర్స్‌గా అతని పక్కన సహాయపాత్ర వేశాడు. ఈ తేడా స్పష్టంగా చెబితేనే హేన్స్‌కూ, మెకిన్నీకీ అన్యాయం జరగదు.

ఎడిసన్_ఉష
నేను న్యూజెర్సీలో ఉంటాను. ఎడిసన్ అంటే మీకందరికీ తెలుసు, ఇక్కడ మన తెలుగువాళ్ళు ఎంతమందో. మా ఇంటికి దగ్గర్లోనే న్యూబ్రన్స్‌విక్, అక్కడే రట్గర్స్ యూనివర్సిటీ. రోబ్సన్ చదివింది అక్కడే. ఆయన 1919లో డిగ్రీ తీసుకున్నాడు, వందేళ్ళు నిండిన సందర్భంగా 2019లో అక్కడ ఆయన పేరుతో ఒక ప్లాజా కట్టారు. నల్ల గ్రానైట్ పలకల మీద ఆయన జీవితం చెక్కి ఉంటుంది. మన పిల్లలు ఎంతమంది ఆ పక్కనుంచి క్లాసులకు వెళ్తుంటారో! మా అమ్మాయి కూడా. మూడేళ్ళు అటు తిరిగింది గాని నేను అడిగేదాకా ఒక్క పలకా చదవలేదు. పోయిన వారం ఇద్దరం వెళ్ళి అన్నీ చదివాం.

ఆయన పుట్టింది ప్రిన్స్‌టన్‌లో, 1898లో. తండ్రి పుట్టుకతో బానిస. పదిహేనేళ్ళ వయసులో నార్త్ కరొలైనా నుంచి పారిపోయి వచ్చి, చదువుకుని, చర్చిలో పాస్టర్ అయ్యాడు. పాల్‌కు ఆరేళ్ళప్పుడు తల్లి పొయ్యి నిప్పు బట్టలకంటుకుని చనిపోయింది. ఆమెకు చూపు సరిగ్గా ఆనేది కాదు.

రట్గర్స్‌లో అప్పటికి చేరిన నల్లజాతి విద్యార్థుల్లో ఆయన మూడోవాడు. ఫుట్‌బాల్ జట్టులోకి వెళ్తే తొలి ప్రాక్టీసులోనే సొంత జట్టువాళ్ళు ముక్కు పగలగొట్టారు, చెయ్యి తొక్కారు. తర్వాత వాళ్ళే ఆయన లేకపోతే గెలవలేమనుకునే స్థితి వచ్చింది. 1917, 1918 రెండేళ్ళూ అమెరికా మొత్తంలో ఎంపిక చేసే ఆల్ అమెరికన్ జట్టులో పేరు వచ్చింది. చదువులో క్లాసుకు ఫస్టు. తర్వాత కొలంబియాలో లా. లాయరుగా చేరిన ఆఫీసులో తెల్ల స్టెనోగ్రాఫర్ ఆయన చెబితే రాసుకోనంది. అక్కడితో ఆ వృత్తి వదిలేశాడు.

మా అమ్మాయి ఆ పలక దగ్గర చాలాసేపు నిలబడింది. ఇంటికొచ్చాక 'అమ్మా, ఆ స్టెనోగ్రాఫర్ రాసుకుని ఉంటే మనం ఈయన పాట వినేవాళ్ళం కాదేమో' అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

నాటకాల_నాగమణి
ఉష గారూ, మీ అమ్మాయి మాట బాగుంది. కానీ అలా అనుకోవడం నాకు ఇష్టం లేదమ్మా. ఆ అవమానం వల్ల మంచి జరిగిందని అనకూడదు. ఆయన లాయరూ అయ్యేవాడు, పాటా పాడేవాడు. అంత శక్తి ఉన్న మనిషి.

ఎడిసన్_ఉష
నిజమే మేడమ్. ఈ మాట దానికీ చెబుతాను.

పాతరీలు_రమణ
కత్తెర విషయం మొదలుపెట్టాను కాబట్టి ముందుకు తీసుకెళ్తాను. ఆయన సినిమాలు ఒక్కొక్కటీ వరుసగా చూస్తుంటే నాకు కనిపిస్తున్న కథ అదే.

1935లో లండన్‌లో 'శాండర్స్ ఆఫ్ ది రివర్'. నిర్మాత అలెగ్జాండర్ కోర్డా, దర్శకుడు తమ్ముడు జోల్టాన్. నిజమైన ఆఫ్రికాకు వెళ్ళి అక్కడి పాటలు, నృత్యాలు, పడవలు అన్నీ తీసుకొచ్చారు. ఆ రోజుల్లో రోబ్సన్ లండన్‌లో ఆఫ్రికా భాషలు నేర్చుకుంటున్నాడు. స్వాహిలీ చదువుతున్నాడు. తన తాతల సంస్కృతిని గౌరవంగా తెరమీద చూపించే అవకాశమని నమ్మి బొసాంబో అనే నాయకుడి పాత్ర ఒప్పుకున్నాడు. భార్య పాత్రలో చదువరి గారు చెప్పిన నీనా మే మెకిన్నీయే. జూనియర్ ఆర్టిస్టుల్లో ఒకరు జోమో కెన్యట్టా, తర్వాతి కాలంలో కెన్యా దేశాధినేత అయిన ఆయనే!

సినిమా బయటికి వచ్చేసరికి అంతా మారిపోయింది. ఎడిటింగ్‌లో అది బ్రిటిష్ దొరతనానికి స్తోత్రం అయి కూర్చుంది. దొర ఊళ్ళో ఉంటే శాంతి, దొర సెలవుమీద వెళ్తే కొట్లాట. బొసాంబో దొరకు నమ్మినబంటు. తాను నమ్మి చేసిన పని ఇలా తేలడం చూసి రోబ్సన్ తర్వాత ఆ సినిమాను బహిరంగంగా తప్పుపట్టాడు.

తర్వాతి ఏడాది 'సాంగ్ ఆఫ్ ఫ్రీడమ్'కు ఒప్పుకునేటప్పుడు ఆయన అడిగింది ఏమిటో తెలుసా? ఫైనల్ ఎడిటింగ్ తన ఆమోదంతో జరగాలని. ఆ హక్కు కాంట్రాక్టులో రాయించుకున్నాడు. 1936లో ఒక నల్లజాతి నటుడు! అందులో ఆయన లండన్ రేవులో కూలీ. పేరు జాన్ జింగా. పని చేస్తూ పాడుకుంటాడు, ఇంట్లో భార్యతో మామూలు మనిషిలా మాట్లాడుకుంటాడు. భార్య పాత్ర ఎలిజబెత్ వెల్చ్. ఇద్దరు నల్లవాళ్ళు భార్యాభర్తలుగా, ఎవరినీ నవ్వించకుండా, టీ తాగుతూ కబుర్లాడుకోవడం నాకు ఏ సింహాసనం కన్నా పెద్దగా అనిపించింది. సినిమా రెండో సగం కథ నీరసం, ఆ మాట చెప్పడానికి మొహమాటం లేదు. అయినా నాకు ఆ సినిమా మీదే ప్రేమ ఎక్కువ.

శబ్దం_శాస్త్రి
అదే ఏడాది 'షో బోట్' కూడా వచ్చింది కదా. జేమ్స్ వేల్ దర్శకత్వం. అందులో మిసిసిపి నది గురించిన 'ఓల్ మ్యాన్ రివర్' పాట. రేవులో కూర్చుని ఆయన పాడుతుంటే కెమెరా ఆయన చుట్టూ మెల్లగా తిరిగి ముఖం దగ్గరికి వస్తుంది. పాత్రను బద్ధకస్తుడిగా రాశారు, ఆ నాలుగు నిమిషాల్లో మాత్రం ఆ రాత ఎటో కొట్టుకుపోతుంది.

ఆ పాట చివర్లో అలసిపోయాను, బతకాలంటే విసుగు, చావాలంటే భయం అనే అర్థం వచ్చే మాటలుంటాయి. తర్వాత కచేరీల్లో రోబ్సన్ ఆ మాటలు మార్చేశాడు. ఏడవడం మాని నవ్వుతూ, చచ్చేదాకా పోరాడుతూనే ఉండాలి అని పాడాడు. నాగమణి గారూ, గిల్పిన్ మాట మార్చి పాత్ర పోగొట్టుకున్నాడన్నారు. రోబ్సన్‌ది మాట మార్చినా ఎవరూ ఆపలేనంత పేరున్న గొంతు. అప్పుడు మార్చాడు.

నాటకాల_నాగమణి
శాస్త్రి గారూ, ఈ రెండింటినీ ఇలా పక్కపక్కన పెట్టి నేనెప్పుడూ చూడలేదు. గిల్పిన్ వింటే సంతోషించేవాడు.

పాతరీలు_రమణ
మన దేశానికి కూడా ఆ నది వచ్చింది. అస్సాం గాయకుడు భూపేన్ హజారికా కొలంబియా యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో రోబ్సన్‌ను కలిశారు. ఆ పాట ప్రభావంతోనే అస్సామీలో బ్రహ్మపుత్ర ఒడ్డు మీద పాట కట్టారు, హిందీలో అదే గంగ పాట అయింది. ఇంత జనం కష్టాలు చూస్తూ నువ్వెందుకు ఊరికే పారుతున్నావని నదినే నిలదీసే పాట. మనలో చాలామంది రేడియోలో వినే ఉంటారు.

చరిత్ర_చదువరి
అందరూ పొగుడుతున్నప్పుడు ఈ మాట రాయడం కష్టంగానే ఉంది, కానీ రాయకపోతే నిజాయితీ కాదు.

రోబ్సన్ సోవియట్ యూనియన్‌ను గాఢంగా నమ్మాడు. తనను మనిషిగా చూసిన మొదటి దేశం అదేనన్నాడు. ఆ మాట వెనక బాధ నాకు అర్థమవుతుంది. కానీ 1949లో మాస్కో వెళ్ళినప్పుడు ఇట్జిక్ ఫెఫర్ అనే యూదు కవిని కలిశాడు. ఆయన అప్పటికే స్టాలిన్ జైల్లో ఉన్నాడు. రోబ్సన్ కచేరీలో వార్సా యూదుల పోరాటగీతం వాళ్ళ యిడ్డిష్ భాషలో పాడాడు, అదీ నిజమే. తిరిగొచ్చాక మాత్రం సోవియట్‌లో యూదులను హింసిస్తున్న సంగతి బహిరంగంగా చెప్పలేదు. 1952లో ఫెఫర్‌ను కాల్చి చంపారు.

అమెరికా ప్రభుత్వం ఆయన్ను వేధించింది కాబట్టి ఆయన మాట్లాడలేకపోయాడని కొందరంటారు. నాకు ఆ సమాధానం చాలదు.

బెల్లంపల్లి_పిల్లగాడు
చదువరన్నా, మీరు చెప్పింది తప్పు కాదు. కానీ ఆ వేధింపు ఎంతదో కూడా రాయాలె గద. 1950ల పాస్‌పోర్ట్ గుంజుకున్నరు. ఎనిమిదేండ్లు దేశం దాటనియ్యలేదు. హాళ్ళు ఇయ్యలేదు, రికార్డులు అమ్మలేదు. లక్ష డాలర్ల పైన సంపాదించే మనిషి రాబడి కొన్ని వేలకు పడిపోయింది. ఆల్ అమెరికన్ జట్టు లిస్టుల నుంచి గూడ పేరు కొట్టేసిన్రు. 1956ల కమ్యూనిస్టుల మీద విచారణ చేసే అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందల నిలబెట్టి, రష్యాల్నే ఉండకపోయినవా అని అడిగిన్రు. మా నాయిన బానిస, మావాళ్ళ చెమటతోని కట్టిన దేశమిది, ఈడనే ఉంట, నా వంతు నాకు కావాలె అన్నట్టు జవాబు చెప్పిండు. ఆ మాట అన్న మనిషి ఒక కవి కోసం నోరు విప్పకపోవుడు నాక్కూడ బాధనే. రెండూ ఆ మనిషే.

నిర్వాహకులు
చదువరి గారి పోస్టు మీద రెండు ఫిర్యాదులు వచ్చాయి. అందులో తప్పేమీ లేదు, తీసేయడం లేదు. ఆ చర్చకు విడిగా ఇంకో థ్రెడ్ పెట్టుకోవచ్చు. ఇక్కడ సినిమాల దగ్గరికి వద్దాం.

పాతరీలు_రమణ
సరే, సినిమాకే వస్తాను. రోబ్సన్ తన సినిమాల్లో గర్వంగా చెప్పుకున్నది 'ది ప్రౌడ్ వ్యాలీ'. 1940, ఈలింగ్ స్టూడియో, దర్శకుడు పెన్ టెనిసన్. వేల్స్ బొగ్గు గనుల కథ. పని వెతుక్కుంటూ వచ్చిన నల్లజాతి నావికుడు డేవిడ్ గొలయత్ అక్కడి గనుల ఊరికి చేరతాడు. కిటికీలోంచి గని కార్మికుల బృందం పాట ప్రాక్టీసు వినిపిస్తుంటే కింద వీధిలోంచే గొంతు కలుపుతాడు. ఆ గొంతు కోసమే వాళ్ళు అతన్ని తమలోకి తీసుకుంటారు. నల్లవాడితో కలిసి గనిలోకి దిగేది లేదని కొందరు పేచీ పెడితే, కింద గనిలో అందరం నల్లవాళ్ళమే కదా అన్న అర్థంలో ఒకడు జవాబు చెబుతాడు.

నిజజీవితంలో కూడా వేల్స్ కార్మికులతో ఆయన బంధం అలాంటిదే. ఆకలి యాత్రగా లండన్ వచ్చిన గని కార్మికుల పాట వీధిలో విని వాళ్ళ వెంట నడిచాడు. ఆ స్నేహం చివరిదాకా పోలేదు.

శబ్దం_శాస్త్రి
ఇక్కడ సౌండ్ మనిషిగా నాకు ఒళ్ళు జలదరించే విషయాలు రెండున్నాయి.

ఒకటి. ప్రౌడ్ వ్యాలీ హాళ్ళలోకి రాకముందే 1940 ఫిబ్రవరిలో బీబీసీ రేడియోలో వచ్చింది. సినిమా సౌండ్ ట్రాక్‌ను కుదించి గంట కార్యక్రమంగా వినిపించారు. జనం ఆ సినిమాను చూడకముందే విన్నారు. రోబ్సన్ సినిమాకే ఇది జరగడం ఎంత తగినదో!

రెండోది 1957. పాస్‌పోర్ట్ లేదు, వేల్స్‌కు వెళ్ళలేడు. అట్లాంటిక్ అడుగున టెలిఫోన్ కేబుల్ వేసి అప్పటికి ఏడాదే అయింది. న్యూయార్క్ స్టూడియోలో కూర్చుని ఆ కేబుల్ మీద పాడాడు. పోర్త్‌కాల్‌లో గని కార్మికుల ఉత్సవంలో వేలమంది స్పీకర్లలో విన్నారు. తర్వాత వాళ్ళు అదే తీగ మీద ఆయనకు పాడి వినిపించారు. ఆ రికార్డింగ్ ఉంది. టెలిఫోన్ లైను కాబట్టి కింది స్వరాలు ఏమీ నిలవవు. పర్వాలేదు, వినండి.

నాటకాల_నాగమణి
ప్రౌడ్ వ్యాలీ నాకూ ఇష్టమే. కానీ రమణ గారూ, చివర చూడండి. గని కూలి అందరూ ఇరుక్కుపోతే మందు పేల్చి దారి చేయడానికి ఎవరో ఒకరు ప్రాణం ఇవ్వాలి. చీటీలు తీస్తారు. చీటీ ఒక తెల్ల కుర్రాడికి వస్తుంది. డేవిడ్ అతన్ని కొట్టి పడేసి తాను వెళ్తాడు. తెల్ల కుర్రాడు బతికి పెళ్ళి చేసుకోవాలంటే నల్లవాడు చచ్చిపోవాలి. ఆయన అంతగా మెచ్చుకున్న సినిమాలో కూడా రాత అక్కడికే వచ్చి ఆగింది.

అసలు కథలో కార్మికులే సొంతంగా గని తెరుచుకుంటారట. యుద్ధం రావడంతో యజమానులతో రాజీపడి దేశం కోసం బొగ్గు తీసేలా ముగింపు మార్చారు. మళ్ళీ మీ కత్తెరే.

పాతరీలు_రమణ
అవును. ఆ తర్వాత ఇక ఎక్కువ లేదు. 1942లో హాలీవుడ్‌లో 'టేల్స్ ఆఫ్ మాన్‌హాటన్'. పేద నల్లజాతి కౌలు రైతుల ఊళ్ళో విమానం లోంచి డబ్బున్న కోటు పడితే దేవుడే పంపాడనుకుని పాటలు పాడే కథ. లోపలినుంచి మార్చొచ్చనుకున్నాడు, కుదరలేదు. సినిమాకు వ్యతిరేకంగా ఎవరైనా హాలు ముందు నిలబడితే తానూ వచ్చి నిలబడతానన్నాడు. హాలీవుడ్‌కు దండం పెట్టేశాడు. అప్పటికి ఆయన వయసు 44. మరుసటి ఏడాది న్యూయార్క్ బ్రాడ్‌వేలో షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లో వేస్తే 296 ప్రదర్శనలు ఆడింది. ఆ ఒథెల్లో సినిమాగా రాలేదు. ఈ ఒక్క సంగతి తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

బెల్లంపల్లి_పిల్లగాడు
రమణన్నా, నాగమణక్కా, నిన్న మీ పోస్టులు చదివి మా బాపుకు ప్రౌడ్ వ్యాలీ పెట్టిన. బాపు సింగరేణిల ముప్పై నాలుగేండ్లు చేసిండు. బొగ్గు ఎత్తిపోసే తట్టా చెమ్మస్ పని నుంచి మొదలుపెట్టి రిటైరయ్యేనాటికి షాట్ ఫైరర్, అంటే బాయిల మందు పేల్చేటోడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నేను మధ్యమధ్యల చెప్తా అన్న. అక్కెర లేదు, అర్థమైతాంది అన్నడు.

కిటికీ కింద నిలబడి పాడే కాడ బాపు టీవీ సౌండు పెంచుమన్నడు. నల్లోనితోని దిగం అని పేచీ పెట్టే కాడ, వాళ్ళేమంటున్నరని అడిగిండు. చెప్పిన. జవాబు నేను చెప్పకముందే బాపు అన్నడు: 'షిఫ్టు దిగి బయటికి వచ్చినంక చూడమను, ఎవడు ఎవడో పెండ్లాం గూడ గుర్తుపట్టది.' సినిమాల ఉన్న మాట అదేనని చెప్తే, నాకు తెల్వదా అన్నట్టు చూసిండు.

చివరికి మందు పెట్టే కాడ లేచి నిలబడ్డడు. ఆ పని చేసిన మనిషి గద. వత్తి ఎంత పొడుగున్నది, ఎంతసేపు ఉంటది, ఎటు ఉరకాలె అని ఆయన లెక్కలు ఆయనకున్నయి. డేవిడ్ పోయినంక శానాసేపు మాట్లాడలేదు. నాగమణక్క చెప్పినట్టు అతన్నే చంపవడితిరి అని నేనన్న. బాపు తలూపిండు. 'ఆ పిలగాని వంతు వచ్చినప్పుడు ఆ పిలగాడే పోవాలె. గట్లనే ఉంటది బాయిల' అన్నడు.

పండుకోబోయే ముందు, ఆయనది ఇంకోటేమన్న ఉంటే పెట్టు, ఇందుల శాన తక్కువ పాడిండు అన్నడు. ఏది పెట్టమంటరు?

పాతరీలు_రమణ
సాంగ్ ఆఫ్ ఫ్రీడమ్ పెట్టు తమ్ముడూ. రేవులో కూలీ పని చేస్తూ పాడతాడు. రెండో సగం బాపుకు విసుగొస్తే ఆపేసెయ్, మొదటి సగం చాలు.

శబ్దం_శాస్త్రి
టీవీ స్పీకర్లు కాకుండా ఇంట్లో మంచి హెడ్‌ఫోన్లు ఉంటే బాపుకు పెట్టు బాబూ. కింది స్వరాలు ఉన్నంతవరకైనా వినపడతాయి.